గెట్టు మీది రేగుకంప

ఆదివారం పొద్దున ఆరింటికల్లా మా గుంపు వెలిమెల దగ్గర కలుస్తుంది. సర్కారు తుమ్మ కొట్టడం, వయ్యారిభామ పీకడం, ఈ నేలలో పుట్టిన మొక్కలను ఈ నేలలోనే బతికించడం మా పని. పదిమందిమి ఉంటాం. ఎక్కువమంది కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్లే. చేతులకు తొడుగులు, నెత్తిన వెడల్పు టోపీలు, మెడలో కెమెరాలు. మొదట్లో వాళ్లను చూసి లోలోపల నవ్వుకునేదాన్ని. వయ్యారిభామను పూత రాకముందే పీకాలని కూడా తెలియదు. పీకిన దాన్ని తెచ్చి కాలువ ఒడ్డునే కుప్ప పోసేవారు. గింజలన్నీ నీళ్లలో పడి కిందిదాకా మొలిస్తే లబోదిబోమనేవారు. అయినా మళ్లీ ఆదివారం వచ్చి మళ్లీ పీకేవారు. ఆ పట్టుదల చూశాక నా వెటకారం కొంచెం తగ్గింది.

మాకు పెద్దదిక్కు రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరర్. అందరం ఆయనను సార్ అంటాం. నేను సంగారెడ్డిలో బడిపంతులమ్మను. ఏ మొక్కను ఊళ్లో ఏమని పిలుస్తారో నన్నే అడుగుతారు కాబట్టి, "మేడమ్ లోకల్" అని సార్ అందరికీ గొప్పగా చెప్పేవారు. ఎంత లోకలో మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. మేం పనిచేసే ఆ పొడుగాటి జాగా, వెంచర్ వాళ్లు పార్కు కోసమని కాలువ పక్కన వదిలిన ఆ పట్టీ, ఒకప్పుడు మా పొలం గెట్టు.

చెప్పకపోవడానికి కారణం అన్న మీద కోపం. చుట్టుపక్కల అందరూ అమ్ముకోవడంతో మా పొలం మధ్యలో చిక్కుకుపోయింది. ట్రాక్టర్ పోవడానికి దారి లేదు. ఒక వానాకాలం అన్న విత్తనాల బస్తాలు, ఎరువు బస్తాలు అన్నీ నెత్తిన మోసుకుపోయి సేద్యం చేశాడు. మరుసటి ఏడు అమ్మేశాడు. ఇదంతా నాకు అప్పుడూ తెలుసు. తెలిసి కూడా, రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టి బయటికి వచ్చి, "అమ్మ పోయి ఏడాది కాలే, అప్పుడే అమ్ముకున్నవ్. ఇగ నీకు నాకు ఏం లేదు" అన్నాను. అన్న తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పటినుంచి రాఖీ కట్టలేదు. అన్న ఏదో ఫ్యాక్టరీలో చేరాడనీ, చిట్కుల్‌లో కిరాయికి ఉంటున్నాడనీ బంధువుల నోట విన్నాను. ప్రెస్ మిషన్ కింద పడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయని కూడా విన్నాను. ఆ రోజు బస్టాండ్ దాకా పోయాను. అటు పోయే పటాన్‌చెరు బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఇంటికి తిరిగి వచ్చాను. నా పంతం అట్లాంటిది.

ఆ గెట్టు మీద అడవినాభి ఉండేది. వానలు పడగానే భూమిలోంచి లేచి, ఆకుల కొసలతో కొమ్మలను చుట్టి పట్టుకుంటూ రేగుపొద పైకి పాకేది. రాఖీ పున్నమికి పూసేది. రేకులు పైకి లేచి, కింద పసుపు, పైన ఎరుపు, అచ్చం పొయ్యిలో మంట. ఆ రోజు నేను అన్నకు రాఖీ కట్టగానే అమ్మ మా ఇద్దరినీ అక్కడికి తీసుకుపోయేది. "దూరంకెల్లే సూడుండ్రి. ముట్టొద్దు, విషం" అనేది. అది కూరకు రాదు, మేతకు రాదు. అమ్మ ఏ పనికీ రాని దాన్ని నిలబడి చూడటం నేను అక్కడ తప్ప ఇంకెక్కడా చూడలేదు.

ఎండాకాలం వచ్చేసరికి తీగ ఎండి మాయమయ్యేది. దుంప మాత్రం లోపల ఉంటుంది. మేకలు తొక్కకుండా, నాగలి తగలకుండా అమ్మ ఆ చోట రేగుకంప పరిచి, పైన మూడు రాళ్లు పెట్టేది. "పండుకున్నది, లేపొద్దు" అనేది.

పోయిన ఏడు మే నెలలో మా గుంపుకు మోదుగ, రేల మొక్కలు దొరికాయి. వానలకు ముందే గుంతలు తవ్వి పెట్టాలి. ఆ పట్టీ మాకు అప్పగించింది అంతకు ముందు చలికాలంలోనే, కాబట్టి వానల్లో అక్కడ ఏం లేస్తుందో ఎవరం చూడలేదు. గోడ పక్కన ఎండిన కంప కుప్ప ఒకటి ఉంది. "ఇక్కడ ఏమీ లేదు కదా మేడమ్?" అని సార్ అడిగారు.

గెట్టుకు గుర్తుగా ఉండే కుంకుడు చెట్టు పోయింది. కొత్త గోడ గెట్టును అడ్డంగా కోసింది. నాభి ఆ గోడ కిందే సమాధి అయిందని నేను ఎప్పుడో తీర్మానించుకుని, దాని కోసం ఏడ్చి కూడా అయిపోయింది.

"ఖాళీ జాగానే సార్. ఎవరో కంప కొట్టి పారేసిండ్రు" అన్నాను. కంప మీద మూడు రాళ్లు ఉన్నాయి. వాటిని నా కాలితో నేనే పక్కకు నెట్టాను. అయినా నాకు వెలగలేదు. గడ్డపార దిగినప్పుడు లోపల ఏదో తెల్లగా తెగింది. ఏదో వేరు అనుకున్నాను.

జూలైలో ఒక ఆదివారం వెంచర్ వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చాడు. ఒడిశా మనిషి, హిందీ, తెలుగు కలిపి మాట్లాడతాడు.

"మేడమ్, ఈ సాల్ ఆ ఫూల్ తీగ లేవలే. లాల్, పీలా, ఆగ్ లెక్క ఉంటది. హర్ సాల్ ఇక్కడ్నే వస్తుండె."

నేను గుంతల వైపు తిరిగాను.

"ఒక ఆద్మీ లూనా మీద వస్తడు. గర్మీల ఇక్కడ కాంటా, గదే ముండ్ల కంప, ఏసి పోతడు. మొన్న వచ్చి గుంతలు సూసిండు. మస్తుసేపు కూసున్నడు."

"ఎట్లుంటడు?" అని అడిగాను.

అతను తన కుడిచెయ్యి ఎత్తి, రెండు వేళ్లు మడిచి చూపించాడు. "రాఖీ నాడు గూడ వస్తడు మేడమ్. ఫూల్ సూస్తడు, పోతడు."

అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. ఆ పొలం మాదనీ, అక్కడ నాభి ఉండేదనీ ఆ రోజే సార్‌కు చెప్పాను. ఆయన నన్ను తిడితే బాగుండేది. "మే నెలలో నేల ఖాళీగా ఉందనుకోవడం నా తప్పమ్మా. ఇంత చదివి..." అన్నారు. అందరం గుంతల చుట్టూ మట్టిని చేతులతో జల్లెడ పట్టినట్టు వెతికాం. కుళ్లిన దుంప ముక్కలు రెండు దొరికాయి.

రాఖీ నాడు బడికి సెలవు. పొద్దున్నే పోయి ఆ గోడ దగ్గర నిలబడ్డాను. రాఖీ కొని సంచిలో పెట్టుకున్నాను కానీ, బయటికి తీసే ధైర్యం లేదు. తొమ్మిది దాటాక లూనా చప్పుడు వినిపించింది. అన్న జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి బండి ఆపాడు కానీ దిగలేదు. నన్నూ, గుంతల్లో నాటిన మొక్కలనూ మార్చి మార్చి చూశాడు.

"కంప ఎవలు తీసిండ్రు?" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత అన్న నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"నేనే తీసిన. గుంతలు గూడ నేనే తవ్విపిచ్చిన."

అన్న బండి దిగి స్టాండు వేసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అమ్మ ఉంటే నిన్ను కట్టె తీస్కొని కొడుతుండె" అన్నాడు. మళ్లీ తనే, "నన్ను నీకంటే ముందుగాల్ల కొడుతుండె" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"రాఖీ తెచ్చినవా, ఒట్టి చేతులతోనే వచ్చినవా?"

సంచిలోంచి తీశాను. అన్న ఎడమచెయ్యి చాపాడు. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "ఆ చెయ్యి కాదు" అన్నాను. "ఏ చెయ్యి అయితేంది తియ్" అన్నాడు. నేను కదలలేదు. చివరికి కుడిచెయ్యి ముందుకు వచ్చింది. ముడి వేయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఈ ఏడు మే నెలలో అన్న లూనా వెనక రేగుకంప కట్టుకుని వచ్చాడు. మా గుంపు అంతా చుట్టూ నిలబడితే, గుంతల మధ్య మిగిలిన నేల మీద ఇద్దరం కంప పరిచాం. అన్న మూడు రాళ్లు ఏరి తెచ్చి పెట్టాడు.

"కింద ఉన్నదా అన్నా?"

"ఏమో. పండుకున్నదేమో."

వానలు మొదలయ్యాయి. ప్రతి ఆదివారం అందరికంటే ముందు పోయి, మోకాళ్ల మీద వంగి ఆ కంప సందుల్లోంచి చూస్తున్నాను. ఇంతవరకు ఏమీ లేవలేదు. రాఖీకి ఇంకా ఇరవై రోజులు ఉంది. పువ్వు వచ్చినా రాకపోయినా అన్న వస్తాడు, నాకు తెలుసు. అంతటితో తృప్తి పడాలి. కానీ నేను ఆశపోతును, నాకు పువ్వు కూడా కావాలి.