పోస్టమ్మాయికి శాలువా

మా ఊళ్ళో నాకు తెలియని మనిషి లేడని నేను చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. ముప్ఫై ఏళ్ళు ఇక్కడి బళ్ళోనే తెలుగు చెప్పినదాన్ని. అంబాజీపేట వెళ్ళే రోడ్డు దగ్గర్నుంచి కాలవగట్టు మీద చివరి ఇంటిదాకా ఎవరి పిల్లాడు ఏ క్లాసులో తప్పాడో, ఏ అత్తగారికి కోడలితో పడదో నన్నడిగితే చాలు. రిటైరయ్యాక కూడా నోరు ఊరుకోదు కాబట్టి, సాయంత్రాలు మా వీధరుగు మీద ఏడెనిమిది మంది పిల్లల్ని కూచోబెట్టుకుని హోంవర్కులు చేయిస్తూంటాను. వాళ్ళందరికీ నేను మామ్మగారినే.

మా ఊరికి ఉత్తరాలు తెచ్చేది ఒక అమ్మాయి. పాతికేళ్ళుండవు. పదో తరగతి మార్కుల మీద ఉద్యోగం వస్తే విజయనగరం వైపు నుంచి వచ్చి, ఇక్కడ అద్దె గదిలో ఉంటోంది. ఊరంతా పోస్టమ్మాయి అంటారు. మొన్న వానల్లో మా పిల్లల్లో ఒకడికి బొమ్మల పోటీ సర్టిఫికెట్ వస్తే తెచ్చి ఇచ్చింది. తను నిలువునా తడిసిపోయింది. రెయిన్‌కోటు మాత్రం సంచికి చుట్టింది. కవరు మీద ఒక్క చుక్క పడలేదు. అది పిల్లలు చూశారు. మర్నాటి నుంచి "అక్కకి ఏదైనా ఇద్దామండీ" అని నా ప్రాణం తీశారు.

ఇవ్వడమంటే నాకు తెలిసింది ఒకటే, సన్మానం. ఎవర్నైనా మెచ్చుకోవాలంటే మా దగ్గర కుర్చీలో కూచోబెట్టి శాలువా కప్పాల్సిందే. నేను రిటైరైనప్పుడు కప్పినవి బీరువా నిండా ఉన్నాయి. వాటిల్లో ఒకటి అప్పటికే మూడు సన్మానాలు తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. అది పక్కన పెట్టి, మంచిదొకటి తీసి దులిపాను. పిల్లల్ని తలా ఒక కార్డు రాయమన్నాను. ఒకడు "మీరు వానలో తడవకండి, జలుబు చేస్తుంది" అని రాశాడు. నేను దిద్దలేదు.

శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయిని అరుగు మీదికి పిలిచాం. సంచి ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీ అంచున కూచుంది. నేను ఉత్తరాల గొప్పతనం గురించి పది నిమిషాలు మాట్లాడాను. బాగానే మాట్లాడాను. శాలువా కప్పాను, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇక కాఫీ ఇద్దామని లేస్తూంటే నాలుగో తరగతి పిల్ల ఒకతి అడిగింది.

"అక్కా, మీకేం కావాలండీ?"

సన్మానంలో అలా అడక్కూడదని నేను కసిరేలోపే ఆ అమ్మాయి సంచిలోంచి ఒక రిజిస్టర్డ్ కవరు తీసింది.

"ఈ పేరుగలాయన ఎవరో చెప్తే చాలు. వారం రోజుల నుంచి తిరుగుతున్నాను. ఇవాళ్టితో గడువు అయిపోతుంది. ఇప్పుడు ఆఫీసుకి వెళ్ళగానే వెనక్కి పంపేయాలి," అంది.

కవరు చూడగానే నాకు గుర్తొచ్చింది. మొదటిరోజు నన్నే అడిగింది. పేరు వినీ వినగానే, "అలాంటివాళ్ళు మా ఊళ్ళో లేరమ్మా, నాకు తెలియకుండా ఎవరుంటారు?" అనేశాను. టీచరుగారే లేరన్నాక ఇంకెవరుంటారని మిగతావాళ్ళూ చేతులు ఊపేశారట.

మా వైపు ఇదొక జబ్బు. ప్రతి మనిషికీ పిలుచుకునే పేరొకటి, కాగితాల్లో పేరొకటి. శుభలేఖ మీద కూడా పిలిచే పేరు బ్రాకెట్లో వేయిస్తారు, లేకపోతే పెళ్ళెవరిదో చుట్టాలకి తెలియదు. కాగితాల్లో పేరు ఆధార్ కార్డుతోపాటు బీరువాలోనే ఉంటుంది.

ఆ నాలుగో తరగతి పిల్ల కవరు అందుకుని కూడబలుక్కుంటూ చదివింది. తలెత్తి, "ఇది మా నాన్న పేరండి. బళ్ళో రిజిస్టర్లో ఇదే ఉంటదండి," అంది.

వాళ్ళ నాన్న ఇరవై ఏళ్ళు మా తోటలో కొబ్బరి దింపు తీసిన మనిషి. నిరుడు వేరేవాళ్ళ తోటలో చెట్టు మీంచి పడి కాలు పోగొట్టుకున్నంత పని చేసుకున్నాడు. ఇక చెట్టెక్కలేడు. మా ఇంట్లో ఏ శుభకార్యానికైనా మొదటి గెల అతను దింపిందే. ఊరంతా పిలిచే పేరుతోనే నేనూ పిలిచాను. అతని కూతురు రోజూ నా అరుగు మీదే కూచుంటుంది. దాని నోటుపుస్తకం అట్ట మీద ఇంటిపేరు కూడా ఉంది. లోపల తప్పులు దిద్దాను గానీ అట్ట ఎప్పుడూ చదవలేదు.

సిగ్గేసింది. పిల్లల ముందు ఎటు చూడాలో తెలియలేదు.

"పదండి," అన్నాను. ఆ పూట నాకు చేతనైంది అదొక్కటే. అందరం కాలవగట్టు వెంట నడిచాం. పోస్టమ్మాయి శాలువా తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చింది. గుమ్మం ముందు నిలబడి ఇంటిపేరుతో సహా కవరు మీది పేరు చదివి, చివర "గారూ!" అని చేర్చి పిలిచింది. లోపల అలికిడి లేదు. మళ్ళీ పిలిచింది. అతని భార్య తొంగిచూసి, "ఎవరి కోసమండీ?" అంది. అప్పుడు అతను కర్ర ఊతంతో, చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"నేనేనండి," అన్నాడు.

సంతకం పెట్టి తీసుకున్నాడు. కూతురు చదివింది. ప్రమాద బీమాకి పెట్టుకున్న దరఖాస్తుకి జవాబు అది. సోమవారం అమలాపురంలో డాక్టరు పరీక్షకి రావాలని, రాకపోతే దరఖాస్తు మూసేస్తామని ఉంది. అతను కర్ర గోడకి ఆనించి మెట్టు మీద కూచున్నాడు. ఆ కాగితం కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నాడట.

"ఈ అమ్మాయి తప్పేం లేదు. ఆ పేరుగలవాళ్ళు లేరని చెప్పింది నేనే," అన్నాను.

"ఆయ్, దానికేవుందండి," అని నవ్వాడు. "మీరెప్పుడూ అడగలేదు కదండీ, టీచరుగారూ."

నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

సోమవారం నేనే ఆటో మాట్లాడి తీసుకెళ్ళాను. చీటీ రాసేచోట పేరు అడిగితే, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని అతన్నే చెప్పనిచ్చాను. పరీక్ష అయింది, దరఖాస్తు ముందుకి కదిలింది.

పోస్టమ్మాయికి పిల్లలు అసలు బహుమతి ఇచ్చింది ఆ తర్వాత. రెండు వారాలు ఇంటింటికీ తిరిగి ఒక నోటుపుస్తకం నింపారు. పేజీకొక ఇల్లు. కాగితాల్లో పేరు, పిలిచే పేరు, గేటు రంగు, కుక్క కరుస్తుందా లేదా. ఒక ముసలావిడ తన పేరు తనకే గుర్తులేక ఆధార్ కార్డు వెతికించిందట. ఈ ఆలోచన నాది కాదు, పిల్లలదే. మొదటి పేజీ మాత్రం ఆ కవరు వచ్చిన ఇంటికని ఖాళీగా ఉంచి, దస్తూరీ బావుంటుందని నన్ను రాయమన్నారు.

ఆ నాలుగో తరగతి పిల్లని పక్కన కూచోబెట్టుకుని, ఇంటిపేరు దాన్నే అడిగి, గుండ్రంగా వాళ్ళ నాన్న పేరు రాశాను. అది వేలు పెట్టి చదువుకుని, మెల్లిగా అంది.

"మామ్మగారూ, అందరికీ గారు పెట్టామండి. మా నాన్నకి పెట్టలేదండి."

పెట్టాను.