రాయికి బదులు నన్ను ఎక్కించమన్నాను

ఆ రోజు నీళ్ల కడవ దించుతుంటే ఎడమ మోకాలి కింద చురుక్కుమంది. నిప్పురవ్వ పడిందేమోనని చీర దులుపుకున్నాను. నిప్పు లేదు. శనగ గింజంత పొక్కు ఒకటి ఉంది, దాని చుట్టూ ఒకటే మంట.

మా అత్త చూసి తేల్చేసింది. "నారి కురుపే. ఊరందరికి వచ్చినట్టే నీకూ వచ్చింది. గింతదానికే మొగం గట్ల పెడ్తవేందే మార్తా?"

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు నారి కురుపు గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పొక్కు చిట్లి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున తిప్పుతూ బయటికి లాగాలి. తొందరపడితే తెగుతుంది. మంట ఆగకపోతే దిగుడుబావి మెట్ల మీద కూర్చొని కాలు నీళ్లలో పెట్టుకోవడం మా అలవాటు. నేనూ అలాగే కూర్చున్నాను. నా పక్కనే ఆడవాళ్లు తాగే నీళ్లు ముంచుకుపోయేవాళ్లు. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ఇంతలో వానలు పడ్డాయి. నారు ఎదిగింది. చెరువు కింద మాకున్నది ఒక్క మడి, అది నాటితేనే ఏడాది తిండి. అత్తకు ఓపిక పోయింది. "పుల్ల చుట్టుకుంట ఇంకెన్నొద్దులు కూసుంటవ్? ఇటు తే కాలు!" అని పుల్ల పట్టుకొని ఒక్క గుంజు గుంజింది. పురుగు తెగి సగం లోపలే ఉండిపోయింది.

రెండు మూడు రోజుల్లో మోకాలు ఉబ్బిపోయింది. చీర అంచు తగిలినా కేక పెట్టేదాన్ని. ఒళ్లు కాలిపోయే జ్వరం. ఎల్లారెడ్డి దవాఖానలో కంపౌండర్ కట్టు విప్పి మళ్లీ మూసేశాడు. "నాతోని కాదు. కామారెడ్డికి తీస్కపోండ్రి, ఆలస్యం చెయ్యకుండ్రి" అన్నాడు. నా భర్త దానయ్య బండి కట్టాడు. తాడ్వాయి దగ్గర ఎడ్లకు నీళ్లు తాపి వచ్చి, నా తల నిమిరి, మళ్లీ బండెక్కాడు. ఏడుస్తున్నాడని వెనక నుంచే తెలిసింది.

కామారెడ్డి డాక్టర్ సాబ్ కాలు నొక్కి చూసి, "సెప్టిక్ అయింది. ఈరోజే ఆపరేషన్. తగ్గకపోతే ప్రాణం కోసం కాలు తియ్యాల్సి వస్తది" అన్నాడు.

"కాలు తియ్యకుండ్రి సాబ్. ప్రాణం సంగతి నేను చూస్కుంట."

"ప్రాణం నువ్వే చూస్కుంటే నేనెందుకమ్మా ఈడ?" అని కసిరాడు. అయినా కాలు తీయలేదు. క్లోరోఫాం ఇచ్చి, కోసి, చీము తీశాడు. ఆ తర్వాత రోజూ డ్రెస్సింగ్. గుడ్డ పీకుతుంటే మంచం పట్టె కొరికేదాన్ని. తగ్గుతోందనుకున్నప్పుడు మళ్లీ జ్వరం వచ్చింది, మళ్లీ కోశారు. నేను ఆ మంచం మీద ఉండగానే ఎక్కడో దేశాల మధ్య యుద్ధం మొదలైందని జనం చెప్పుకున్నారు. నా యుద్ధం నాకే చాలుననుకున్నాను.

ఒకరోజు డాక్టర్ అడిగాడు, "మంట పుట్టినప్పుడు కాలు ఎక్కడ పెట్టినవ్?"

"బాయిల."

"తాగే బాయిలనా?" తల పట్టుకున్నాడు. "ఇది గినీ వర్మ్. నీ కాలు నీళ్లల్ల పెడితే దాని పిల్లలన్నీ నీళ్లల్లకే పోతయి. ఆ నీళ్లు తాగినోళ్లకు మళ్ల సంవత్సరం ఇదే రోగం. నీకూ గట్లనే వచ్చింది."

ఆ మాటకు కాలి నొప్పి కంటే ఎక్కువ కోపం వచ్చింది. ఊరంతా ఒకరి రోగం ఒకరం తాగుతున్నామన్నమాట!

ఇంటికి పంపేటప్పుడు, "స్టిఫ్ జాయింట్. మోకాలు ఇగ వంగదు. బతికినవ్, అది చాలు" అన్నాడు.

"చాలదు సాబ్" అన్నాను. పక్కనున్న నర్సు మాత్రం, "నూనె పెట్టి రోజూ కొంచెం కొంచెం వంచు, వదిలిపెట్టకు" అని చెవిలో చెప్పింది.

వంచాను. ఏడుస్తూ వంచాను. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది, కాలు మాత్రం రోకలిలాగే ఉంది. బురదలో దిగబడితే పైకి రాదు, మెట్లు దిగలేను. ఊళ్లో నా పేరు కుంటి మార్త అయింది. "ఇంట్ల కూసోని బియ్యం చెరుగు, ఎవలేమంటరు?" అనేది అత్త, నా మొహం చూడకుండా.

మళ్లీ నాట్ల కాలం వచ్చింది. దున్నిన బురదను చదును చేయడానికి ఎడ్లకు కట్టే బరువు పలకను మేం జంబు అంటాం. దాని మీద మనిషి నిలబడి తోలాలి. బరువు చాలకపోతే వెనకాల రాయి పెడతారు. దానయ్య రాయి ఎత్తుతుంటే గట్టు మీద నుంచి అరిచాను.

"రాయెందుకయ్యా? ఏ పనికీ రానిదాన్ని నేనున్న కద! నన్ను ఎక్కించుకో!"

అత్త నోరు నొక్కుకుంది. "ఆడిది జంబు ఎక్కుతదా? వానలు వెనక్కి పోతయే!"

"పోతే నేనే పోయి తోల్కొస్త" అన్నాను. దానయ్య పకపకా నవ్వి చెయ్యి అందించాడు.

మొదట కూర్చున్నాను. తర్వాత లేచి, అతని నడుముకు కట్టిన తువ్వాల పట్టుకొని నిలబడ్డాను. ఎడ్లు కదలగానే వెల్లకిలా పడ్డాను. రెండోసారి తువ్వాల వదలకుండా అతన్ని కూడా లాగాను. ఇద్దరం బురదలో! గట్ల మీద నాటువేసే ఆడవాళ్లంతా ఒకటే నవ్వు.

"కాలు బిగబడ్తున్నవే నువ్వు" అన్నాడు మొహం తుడుచుకుంటూ. "మోకాలు వదులు చెయ్యి. కాళ్ల దిక్కు చూడకు, ఎడ్ల మూపురాల దిక్కు చూడు. పడేటట్టుంటే వదిలెయ్, బురదే కద, ఏం తింటదా?"

వదులు చేయడం నాకు తెలియదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నొప్పి వస్తుందన్న భయంతో పళ్లు బిగించే వంచాను. ఇక్కడ భయపడే తీరికే లేదు. జంబు కుడికి జారితే ఒళ్లు ఎడమకు వాలాలి, గుంత వస్తే కుంగాలి. మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. పొద్దు వాలేవేళకు ఒక మలుపు దగ్గర పలక ఎగిరింది. నేను పడలేదు. కిందికి చూస్తే నా ఎడమ మోకాలు వంగి ఉంది!

"వంగిందయ్యో!" అని కేక పెట్టాను. ఆ కేకకు ఎడ్లు బెదిరి పరిగెత్తాయి, మళ్లీ పడ్డాను. బురదలో కూర్చొని నవ్వాను, ఏడ్చాను. రాత్రికి మోకాలు వాచింది. మర్నాడు కట్టు కట్టుకొని మళ్లీ ఎక్కాను. ఆ ఏడు వానలు వెనక్కి పోలేదు, చెరువు నిండింది.

మరుసటి ఎండాకాలం మా అత్త కనిపించలేదు. వెతికితే బావి దగ్గర ఉంది. కిందిమెట్టు మీద కూర్చొని, పొక్కు లేచిన పాదాన్ని నీళ్ల మీదికి చాపుతోంది. నేను పైన ఉన్నాను. ఆ మెట్లు దిగి రెండేళ్లయింది.

"అత్తా, పెట్టకు!"

"మండుతున్నదే పిల్లా!"

కాళ్ల దిక్కు చూడలేదు. మోకాలు వదులు చేసి, ఒక్కొక్క మెట్టూ దిగి, ఆమె పాదాన్ని నీళ్లకు తగలకముందే పట్టుకున్నాను. అత్త నా కాలి వంకే చూసింది. "నీ కాలు నేనే చెడగొట్టిన బిడ్డా" అని బోరుమంది. "ముందు లే, తరువాత ఏడుద్దువు" అని రెక్క పట్టి పైకి తెచ్చాను. కడవతో నీళ్లు తెచ్చి, బావికి దూరంగా కూర్చోబెట్టి కాలి మీద పోశాను. ఆమె పురుగును నేనే పుల్లకు చుట్టాను, తొందరపడకుండా.

ఇప్పుడు కొంచెం కుంటుతాను. కుంటుతూనే నాటు వేస్తాను, ఏటా జంబు ఎక్కుతాను. ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. తాగే నీళ్లు నాలుగు మడతల గుడ్డలో వడగట్టండి, పొక్కు లేచిన కాలిని బావిలో పెట్టనివ్వకండి. ఎవరైనా పెట్టబోతే రెక్క పట్టి లేపండి. అత్త అయినా సరే.