కార్బైడ్‌లో తగ్గిన గ్యాస్

ఇనుప గనుల దగ్గర, హిందీ మాట్లాడే బచేలీ ఊరి బజారులో మా నాన్నది వెల్డింగ్ షాపు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, గనికి తిరిగే లారీల బాడీలు అతుకుతూ మమ్మల్ని పెంచాడు. విశ్వకర్మ పూజంటే ఆయనకి మహా నిష్ఠ. ముందురోజు సాయంత్రం షాపంతా బకెట్లతో కడిగి, సామాన్లకి పసుపు రాసి, షట్టర్ దించేసేవాడు. మర్నాడు హారతి వేళ దాకా ఎత్తడానికి వీల్లేదు. కార్బైడ్ డబ్బాకి కూడా స్నానం తప్పేది కాదు. కార్బైడ్‌కి నీళ్లు తగిలితే మండే గ్యాస్ పుడుతుంది, ఆ మంటతోనే నాన్న ఇనుము అతికేవాడు, మాకు తిండి దానివల్లే. అమ్మ గొణిగితే, "మూత బిగించేసేనే, ఏటీ అవదు" అనేవాడు.

నేను పదకొండో క్లాసులో ఉన్న ఏడాది పూజ రోజున స్కూల్లో కెమిస్ట్రీ ప్రాక్టికల్ పడింది. లాబులో కార్బైడ్ చాలదన్నారు. ముందురోజు కడగడం అయ్యాక, షట్టర్ దించేలోపు, నాన్న డబ్బాలోంచి నాలుగు ముక్కలు పొట్లం కట్టుకున్నాను.

ముక్కని తూచి, నీటి చుక్కలు వదిలి, పుట్టే గ్యాస్‌ని నీళ్లలో బోర్లించిన గాజు జాడీలోకి పట్టాలి. లెక్క ప్రకారం రావలసిందెంత, వచ్చిందెంత, నూటికి ఎంతో చెప్పాలి. లాబు కార్బైడ్ వాడిన పక్క బల్లకి ఎనభై దాకా వచ్చింది. నాకు నలభై.

"లీక్ హోగా. ఫిర్ సే కరో" అన్నారు సారు, నా వైపు చూడకుండానే. ఎక్కడో లీకై ఉంటుంది, మళ్లీ చెయ్యమని.

ఒళ్ళు మండిపోయింది. ట్యూబంతా సబ్బునీళ్లు రాసి చూశాను, ఒక్క బుడగా లేదు. ఇంకో ముక్క వేశాను. అదీ నలభై దగ్గరే ఆగింది.

మూడో ముక్కని వేళ్లతో నలిపితే సున్నంలాంటి తెల్ల పొడి రాలింది. అంటే నిన్న కడిగినప్పుడే నీళ్లు మూత సందులోంచి దిగి ఇది తడిసింది. సగం గ్యాస్ నా జాడీకి రాకముందే పోయింది. మరి డబ్బాలో మిగిలినదంతా? అది రాత్రంతా ఆ మూసిన షట్టర్ వెనకే గ్యాస్ కక్కుతూ ఉంది. కాసేపట్లో నాన్న అక్కడ కర్పూరం వెలిగిస్తాడు.

సారు పిలుస్తున్నా ఆగలేదు. వానలో, ఎర్ర బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తాను.

సందు మొదట్లోనే కార్బైడ్ గ్యాస్ కంపు, కుళ్లిన వెల్లుల్లిలా, కొట్టింది. షాపు ముందు జనం ముక్కులకి తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. వెల్డింగ్ షాపంటే ఎప్పుడూ ఉండే కంపే కదా అని ఎవరూ నోరెత్తలేదు. నాన్న సగం లేచిన షట్టర్ కింద నుంచి దూరబోతున్నాడు. ఒక చేతిలో హారతి పళ్లెం, ఇంకో చేతిలో అగ్గిపెట్టె.

"వెలిగించకు నాన్నా! లోపలంతా గ్యాస్!"

"పూజ పూట ఆ కేకలేటమ్మా?"

"నీకు వాసన రావట్లేదా?"

ఆయన నవ్వబోయి, తువ్వాళ్ల వెనకున్న మొహాలని చూశాడు. అగ్గిపెట్టె నా చేతిలో పెట్టాడు. తర్వాత షట్టర్ వైపు తిరిగి, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

"నాకేటీ రావట్లేదమ్మా" అన్నాడు.

మా నాన్న భయపడడం నేను చూసింది అప్పుడే.