కూర్మమ్మ సగం బిందె

కంపెనీ ఉద్యోగం వచ్చాక కూర్మమ్మకు పొగరెక్కిందని, భోగాపురం దాటి సముద్రం వైపు పోతే వచ్చే జాలర్ల పేటలో ఎవరైనా చెబుతారు. గుమ్మంలోకి చుట్టం వచ్చినా లేవదట, కింద పడ్డ చీపురు కూడా వంగి తీయదట. లేవని మాట నిజమే, వంగని మాటా నిజమే. పొగరు మాత్రం అబద్ధం. ఆమెకు నడుము పట్టేసింది. లేవాలంటే ముందు గోడ పట్టుకోవాలి. అది ఎవరి కంటా పడకూడదని కూర్చునే ఉంటుంది.

మొగుడు జగన్నాధం గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద. బోటు సముద్రంలోకి వెళ్తే ఫోను కలవదు. పిల్లలు లేరు. మొన్నమొన్నటిదాకా తోడంటే పక్కింటి దాలమ్మే. ఇద్దరూ చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేవారు. నిండు గంప నెత్తికెత్తుకోవడం ఒక్కరి వల్ల కాదు. తలమీద చుట్టకుదురు సర్దుకుని "ఓలప్పా, ఒక సెయ్యెయ్యే" అంటే చాలు, దారినపోయేవాళ్ళు, మాటల్లేని పగవాళ్ళైనా సరే, ఆగి గంపకు అటువైపు పట్టాల్సిందే. అన్నేళ్ళు మోసినా ఆమె నడుము ఏనాడూ నొప్పెరగదు.

వీధుల్లోకి చేపల ఆటోలు వచ్చాక గంప బేరం పడిపోయింది. దాలమ్మ తన కొడుకు ఆటో ఎక్కింది. కూర్మమ్మ రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కింది.

బల్ల దగ్గర నిలబడి రొయ్య తొక్క తీయడమే కదా అనుకుంది. బల్లల దగ్గర చోట్లు పాతవాళ్ళవి, కొత్తవాళ్ళకు టబ్బులు. ఐసూ రొయ్యా నిండిన టబ్బును తడినేల మీంచి వంగి లేపాలి, లేపిన పళాన నడుము తిప్పి పక్క బల్ల మీద పెట్టాలి, మళ్ళీ వంగాలి. ఇక ఆ చలి సంగతి చెప్పక్కర్లేదు.

మొదటిరోజు అలవాటు కొద్దీ టబ్బు ముందు నిలబడి కేకేసింది. "ఓలప్పా, ఒక సెయ్యెయ్యే!"

అందరికీ మాస్కులు, టోపీలు. ఎవరెవరో తెలీదు. నవ్వులు మాత్రం వినిపించాయి.

"ఎవుల్నే పిలస్తన్నావు? మీ అప్ప ఇంటికాడ ఉన్నాది," అంది ఒక మాస్కు.

సూపర్వైజరు ఉమాశంకర్ వచ్చాడు. "ఇదేటి, సేపల రేవనుకున్నావా? ఎవుల టబ్బు ఆలే ఎత్తుకోవాల. సేత కాకపోతే సెప్పీ, వ్యానులో నీ సీటు ఇంకోలకిస్తాను."

ఆమె మళ్ళీ అడగలేదు. నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం టబ్బు లేపుతుంటే నడుములో కలుక్కుమంది. దాన్ని బల్ల మీద పెట్టి, ఇంకో టబ్బు కోసం వంగింది. సీటు పోతే ఇక ఎక్కడానికి ఏ ఆటో లేదు మరి.

మొన్న ఆదివారం కుళాయి దగ్గర బిందె నిండింది. కూర్మమ్మ దాన్ని చూస్తూ పక్కనే నిలబడిపోయింది. అంతలో దాలమ్మ వచ్చింది. పాత పిలుపు నాలిక చివరిదాకా వచ్చింది. కానీ దాలమ్మ కోడలు పద్మకుమారి వెళ్ళేదీ అదే వ్యానులో. ఇక్కడ అన్నమాట రేపు కంపెనీలో ఉంటుంది.

కాలితో బిందెను వంచి సగం నీళ్ళు పారబోసింది. కుళాయి దిమ్మ పట్టుకుని, ఎలాగో చంకనెత్తుకుంది.

"ఒలే, సగం బిందె మొయ్యడం మీ కంపెనీలో నేర్పినారేటే?" అంది దాలమ్మ.

"ఇంట్లో నానొక్కదాన్నే కదే. సగం సాల్దేటి?"

దాలమ్మ నవ్వింది. కూర్మమ్మా నవ్వింది. ఆ నవ్వుకే నడుము జివ్వుమంది. వెనక్కి తిరగకుండా ఇంటికి నడిచింది.

మీరెప్పుడైనా అటు వెళ్తే, పేట చివర నీలం తలుపు ఇంట్లోకి ఒకసారి తొంగిచూడండి. ఆమె లేవకపోతే ఏమీ అనుకోకండి. నడుమెలా ఉందని వీధిలో నిలబడి అడగకండి, వ్యానువాళ్ళ చెవిన పడుతుంది. కుళాయి దగ్గర కనిపిస్తే మాత్రం, ఆమె పిలవదు, బిందెకు అటువైపు మీరే ఓ చెయ్యి వేయండి.