అద్దాల కింద పచ్చిక

2019 జూన్ 10, సోమవారం, జ్యేష్ఠ శుద్ధ అష్టమి. మృగశిర కార్తె ప్రవేశించి రెండు రోజులైనా చీపురుపల్లి పరిసరాలలో చినుకు రాలలేదు. ఉదయం ఎనిమిదింటికే గాలి వేడెక్కి, ఆకాశం తెల్లగా పాలిపోయింది. తేదీతోపాటు తిథినీ రాయడం నాకు బడిలో అబ్బిన అలవాటు. నల్లబల్ల మీద ఆ రెండూ లేనిదే పాఠం ఆరంభించేవాడిని కాను.

అసిరయ్య ఐదో తరగతి వరకు నా దగ్గరే చదివాడు. ‘చ’కారాన్ని ‘స’కారంగా పలికేవాడు; ఎన్నిసార్లు దిద్దినా మారలేదు, చివరికి నేనే మానుకున్నాను. తండ్రి పోయాక బడి విడిచి గొర్రెల వెంట నడిచాడు.

మా ఊరుమ్మడి బంజరును ఒక సోలార్ కంపెనీ కౌలుకు తీసుకుని కంచె వేసింది. మిగిలిన మెట్టలన్నీ అప్పటికే జీడితోటలైపోయాయి. మంద మేపడానికి మరో చోటు లేదు. అసిరయ్య ఏడాదిపాటు పంచాయతీ చుట్టూ తిరగగా, సోలార్ పలకల కింద గడ్డి తగ్గుతుందని కంపెనీవారు గొర్రెలను రానిచ్చారు. మేకలు మాత్రం రాకూడదు. అవి పలకలెక్కుతాయి, తీగలు కొరుకుతాయి. షరతు తప్పితే అందరి మందలకూ గేటు మూతే.

అంతకుముందు ఏడాది అతడి భార్య కూర్మమ్మ జ్వరంతో మంచం పట్టినప్పుడు, ఒక మేకపోతును గ్రామదేవత అసిరితల్లికి మొక్కుకున్నాడు. మొక్కిన జీవానికి అమ్మవారి పండుగ దాకా తాడు కట్టరాదు, దడిలో మూయరాదు, దానిమీద చెయ్యెత్తరాదు. ఇది వారింటి కట్టుబాటు. ఆ పోతు మందను విడిచి ఉండదు.

ఆనాడు నేను గేటు పక్కగా పోతున్నాను. కంపెనీ సూపర్‌వైజర్ త్రినాథ్, వరసకు అసిరయ్య మేనల్లుడు, మందకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఏటి మావా, మేకని కూడా తోలుకొచ్చీసేవు?”

“మేక కాదురా, అమ్మోరి పోతు.”

“అమ్మోరికి కంపెనీ పాసు ఇచ్చిందేటి? తాడు కట్టి బయట ఒగ్గీ.”

“తాడు కడితే మీ అత్తకి మళ్ళీ జొరం వస్తాదిరా. నాను సూసుకుంటాను గదా.”

“సూడు మావా, నా ఉజ్జోగం నీ పోతు కొమ్ముల మీదున్నాది.”

నవ్వుతూనే గేటు తీశాడు.

తరువాతి సంగతి త్రినాథే నాకు చెప్పాడు. గొర్రెలు నీడలో తలలు వంచి మేస్తుండగా పోతు ఒక పలక మీదికి దూకిందట. కాలు పట్టి లాగవలసిన అసిరయ్య చేతులు జోడించాడు. “దిగు బాబూ, నీకు దండమెడతాను” అని బతిమాలాడు. గిట్టల కింద అద్దం పగిలింది. అది బెదిరి పక్క పలక మీదికి దూకింది, అదీ పగిలింది. త్రినాథ్ కర్రతో పరుగెత్తుకొస్తే అసిరయ్య ఆ కర్రకే అడ్డుపడ్డాడు.

మరునాటి నుంచి గేటు తెరుచుకోలేదు. త్రినాథ్ ఉద్యోగమూ పోయింది. ఊళ్ళో మిగిలిన కాపరులు అసిరయ్యతో మాటలు మానేశారు. కొన్నాళ్లు రోడ్డు గట్ల మీద మేపాడు. గొర్రెల డొక్కలు ఎండిపోయాయి. చివరికి నరసన్నపేట నుంచి వచ్చిన బేరగాడి లారీలోకి, పోతును తప్ప మందనంతా తనే ఎత్తి ఎక్కించాడు. పండుగలో మొక్కు తీరింది. కూర్మమ్మకు జ్వరం తిరగబెట్టలేదు. ఆ తరువాత భార్యాభర్తలిద్దరూ పనికోసం కర్నూలు వైపు వెళ్లిపోయారు.

ఊరికి తిరిగి రమ్మని నేను రాసిన ఉత్తరానికి 2024 భాద్రపదంలో జవాబు వచ్చింది. ఒక్క అక్షరమూ దిద్దకుండా ఇక్కడ ఉంచుతున్నాను.

“మాస్టారికి దండాలు. ఇక్కడ కూడా సోలారే. నానూ కూర్మమ్మా పలకలు తుడుస్తన్నాం. కింద గడ్డి మోకాలెత్తు ఉన్నాది. గొర్రెని రానివ్వరు. వానలు పడ్డాక గడ్డి మందు కొట్టి మాడ్సేస్తారు. ఆ మందు నానే కొడతన్నాను. కూర్మమ్మ బాగానే ఉన్నాది గానీ, నాను మందు కొట్టిన రోజు నాతో మాటాడదు. ఊరికి రమ్మన్నారు. వచ్చి ఏటి మేపీది, మాస్టారూ?

అసిరయ్య.”