ఆసుపత్రి తెరమీది కేరింత

బొమ్మల దుకాణం, బస్సు టికెట్లు, పిల్లల ఆసుపత్రి, ఈ మూడు వెబ్‌సైట్లకూ లోపలి కోడ్ ఒక్కటే. తెరమీది మాటలు దేనికి తగ్గట్టు దానికి రాయడం, ఆఫీసులో అందరూ అక్కా అని పిలిచే ఆమె పని. కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, ఎదురుగా మనిషి ఉన్నట్టు ప్రతి మాటా పైకి చదువుకుంటుంది. ఆరోజు బొమ్మల దుకాణంలో కొన్న బొమ్మ ఇంటికి చేరినప్పుడు చూపడానికని రాసిన "హుర్రే! వచ్చేసింది!" పొరపాటున మూడింటి ఉమ్మడి మాటల్లో పెట్టేసింది. ఆసుపత్రి సైటు తెరిస్తే, రక్తపరీక్ష రిపోర్టు నెత్తిన అదే కేరింత.

"ఒక్క మాటే కదక్కా, తినొచ్చి మారుద్దువులే," అన్నాడు పక్క సీటతను.

"చదివే తల్లి ఒళ్ళో జ్వరంతో బిడ్డుంటుంది నాయనా. నాకు ముద్ద దిగుతుందా?"

ఆసుపత్రికి విడిగా రాసింది: "రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు మీతో మాట్లాడతారు." పైకి చదివితే, ఎప్పుడని ఆ తల్లి అడిగినట్టనిపించింది. ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుని, "ఈరోజే" అని చేర్చాకే క్యారేజీ విప్పింది.