మేస్త్రికి నచ్చని నడకలు

చెప్పులు కుట్టే వంకల మేస్త్రికి ఈ భూమ్మీద ఒక్కరి నడకా నచ్చదు. ఎదురుపడ్డ మనిషిని మొహం చూసి పలకరిస్తారు ఎవరైనా. ఈ మహానుభావుడు కాళ్ళు చూసి తిడతాడు. "ఏమ్మా, నేల నీకేం అపకారం చేసింది, అలా తొక్కుతున్నావు?" "అయ్యా, మీ పాదాలు రెండూ అలిగి చెరో దారి పడుతున్నాయి, ఇంట్లో చెప్పారా?" కొత్త చెప్పులు కొలతిద్దామని వచ్చిన పెళ్ళికూతుర్ని నాలుగడుగులు నడిపించి, "పెళ్ళికొడుకు ఇది చూశాకే ఒప్పుకున్నాడా?" అనేశాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్ళి, మర్నాడు మళ్ళీ ఆయన దగ్గరే కుట్టించుకుంది. అలాంటి కుట్టు ఇంకెక్కడా దొరకదు మరి, ఏం చేస్తాం!

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు పోస్టుమాన్. ఇరవై ఏళ్ళుగా ఆయన బూట్లకి సోళ్ళు వేసేది మేస్త్రే. అంటే ఇరవై ఏళ్ళ తిట్లన్నమాట.

ఈ పోస్టుమాన్ తెలివి కూడా చెప్పుకోవాలి. కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరమ్మ ఓ మాత్ర రాసింది. బుద్ధిగా మింగుతున్నాడు. నెల తిరక్కుండానే తొడలు బరువెక్కాయి, పిక్కలు పట్టేయడం మొదలైంది. నాలుగంతస్తుల భవనంలో ఉత్తరాలు ఇవ్వాలంటే కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాల్సొస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఉందేమోనని ఆ బుర్రకి తట్టలేదు. వయసు మీదపడిందనుకున్నాడు. పెళ్ళానికి చెప్పలేదు, డాక్టరమ్మకి అసలే చెప్పలేదు. చివరికి బూట్లు బరువని తీర్మానించుకుని మేస్త్రి దగ్గరికి పోయాడు.

మేస్త్రి బూటు తిరగేసి, వెలుతుర్లో పట్టుకుని చూశాడు.

"నీకెప్పుడూ మడమ అరిగేది. తిక్క నడకే అయినా ఓ పద్ధతుండేది. ఇప్పుడు ముందు కొస అరిగింది. కాళ్ళు ఎత్తట్లేదు నువ్వు, ఈడుస్తున్నావు."

"వయసైపోయింది మేస్త్రిగారూ."

"ఈ సోలు వేసి మూణ్ణెల్లే అయింది. మూణ్ణెల్లలో వచ్చిపడుతుందిటయ్యా వయసు? కొత్తగా మందేమైనా మింగుతున్నావా?"

"కొలెస్ట్రాల్‌కి మాత్ర."

"పద, అది రాసిన డాక్టరమ్మనే అడుగుదాం."

"ఎందుకులెండి," అన్నాడు పోస్టుమాన్, కళ్ళు తుడుచుకుంటూ. "ఉద్యోగం మానేస్తానని కాగితం రాసుకున్నాను. రేపు ఇచ్చేస్తా. ఇంకా నాలుగేళ్ళుంది గానీ, నడవలేని పోస్టుమాన్ ఎవరికి కావాలి?"

"చాల్చాల్లే, ఏడుపొకటి! నా భుజం పట్టుకో."

డాక్టరమ్మ ఇద్దర్నీ కలిపి కడిగేసింది. "ఆ మాత్ర కొందరికి కండరాల మీద ఇలా పనిచేస్తుందండీ. నొప్పి మొదలైన రోజే రావద్దూ?" రక్తపరీక్ష చేయించి, మాత్ర ఆపించింది. కండరాలు కుదుటపడ్డాక వేరేది ఇస్తానంది. నెలైనా పడుతుందంది. వచ్చేస్తూ మేస్త్రి, "అంతా బాగుంది గానీ డాక్టరమ్మా, మీ ఎడమకాలు..." అని మొదలెడితే, పోస్టుమాన్ ఆయన నోరు మూసి బయటికి లాక్కొచ్చాడు.

సరే, కాగితం ఆగింది. కానీ ఆ నెల గడవడం ఎలా? మెట్లెక్కలేకపోతున్నాడని ఒక్క ఫిర్యాదు వెళ్తే చాలు, కాగితం అవసరం లేకుండానే ఇంటికి పంపేస్తారు. మర్నాడు భవనం దగ్గరికి వెళ్ళాడు. చూస్తే ఏముంది, నాలుగంతస్తులవాళ్ళూ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, ఉత్తరాలకోసం చేతులు చాపి! ఆ మర్నాడూ అంతే. తన అదృష్టమనుకున్నాడు అమాయకుడు.

ఐదు వారాలకి కాళ్ళు దారిలోకొచ్చాయి. ఆ తర్వాత మొదలెట్టిన కొత్త మాత్ర కూడా పేచీ పెట్టలేదు. ఓ రోజు పోస్టుమాన్ హుషారుగా, వేళకి ముందే నాలుగో అంతస్తు ఎక్కి పంతులమ్మగారి తలుపు కొట్టాడు. ఆవిడ ఉత్తరం అందుకుని గయ్యిమంది.

"పైకెందుకొచ్చారు? నేనిప్పుడు దిగకపోతే ఆ మేస్త్రి ఊరుకుంటాడా?"

"ఏ మేస్త్రండీ?"

"ఎవరేమిటి, ఆ వంకలాయనే! ఇంటింటికీ ఎక్కి తలుపు కొట్టి మరీ తిట్టాడు. 'మెట్లు దిగడం మర్చిపోయినవి కూడా కాళ్ళేనా? రోజూ పదకొండింటికి దిగి మీ ఉత్తరాలు మీరే తీసుకోండి, ఎవరు కుంటుతారో ఎదురుగా కూర్చుని చూస్తా' అన్నాడు. ఒళ్ళు మండి, పౌరుషానికి దిగుతున్నాం అందరం. నా మోకాళ్ళు కూడా కాస్త వదులయ్యాయి. ఆ సంగతి ఆయనకి చెప్పకండి, నెత్తికెక్కుతాడు."

పోస్టుమాన్ పరుగులాంటి నడకతో మెట్లు దిగి, రోడ్డు దాటి మేస్త్రి ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు.

"ఏంటా దండాలు?" మేస్త్రి కసిరాడు. "నీకోసం చేశాననుకుంటున్నావా? నువ్వు మానేస్తే కొత్తవాడొస్తాడు. నీ దిక్కుమాలిన నడకకి అలవాటుపడడానికే నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ వయసులో ఇంకొకడి నడక నేను భరించలేను. పో, పోయి ఉత్తరాలు పంచుకో!"